ఒక్కడి కూత

నేను ఆటగాణ్ణి కాను. మా ఇంట్లో మగవాళ్ళు ఆటలు ఆడించారు గాని ఆడలేదు. ఊళ్ళో చెడుగుడు పందెం జరిగితే మా తాతగారు కుర్చీ వేయించుకుని కూర్చునేవారు. గెలిచిన జట్టుకు పంచెలు పెట్టేవారు. ఆయన కాలానికి మాకు రెండు ఊళ్ళ మొఖాసా ఉండేది. మా నాన్నగారి కాలానికి ఒక ఊరు, ఒక దావా. నా కాలానికి దావా ఒక్కటే మిగిలింది. అదీ ఓడిపోయాం.

నాన్నగారు పోయి ఏడాది తిరిగిన కొన్నాళ్ళకే నేను ఫిజీలో ఉన్నాను. లౌతోకా దగ్గర ద్రాసాలో, చెరకు తోటల కూలి లైన్లలో, ఒకే గదిలో ఇద్దరు పరాయి మగవాళ్ళతో కలిసి పడుకుంటున్నాను. ఐదేళ్ళ గిర్మిట్, అంటే కూలి ఒప్పందం. ఓడ ఎక్కించే డిపోలో అందరూ వేలిముద్ర వేస్తుంటే నేను సంతకం చేశాను. గుమాస్తా ఒకసారి తలెత్తి చూశాడు, అంతే. ఆ దేశంలో దిగాక ఆ సంతకం మళ్ళీ ఎవరికీ పనికి రాలేదు.

లైన్లలో నాకు పెద్దరికం ఎవరూ ఇవ్వలేదు. నేను అడగనూ లేదు. నిటారుగా నిలబడతాను, గొంతు పెంచకుండా మాట్లాడతాను, ఎవరి గదిలోనూ కూర్చోను. అంతమాత్రానికే నన్ను దొరబాబు అనడం మొదలుపెట్టారు. అందులో సగం మర్యాద, సగం వెటకారం. వెటకారం ఎక్కువగా మా పక్క గదిలోని చీరాల నేతగాడిది. "దొరబాబు పారను కూడా చేతికర్రలా పట్టుకుంటారయ్యా" అని అందరికీ వినపడేలా అనేవాడు. నిజమే. నాకు అది పట్టుకోవడం ఎప్పటికీ రాలేదు.

ఆదివారాలు చెడుగుడు ఆడేవాళ్ళం. చెరకు బండ్లు నడిచే చిన్న రైలు పట్టా పక్కన చదునైన జాగా ఒకటి ఉండేది. పొయ్యి బూడిదతో నడుమ గీత గీసేవాళ్ళు. మా లైన్లు ఒక వైపు, పక్క తోట లోవు లైన్ల వాళ్ళు రెండో వైపు. మా జట్టులో ఏడుగురం. నేను పెద్దను. అంటే, ఎవరు కూతకు వెళ్ళాలో నేను చెప్పేవాణ్ణి. నేను మాత్రం ఒక్కసారి కూడా వెళ్ళలేదు. వెనక గీత దగ్గర చేతులు కట్టుకుని నిలబడేవాణ్ణి. అవతలివాడు నా దాకా రావడమే అరుదు.

మా కూత అంతా ఒక్కడిది. భీమిలి దగ్గర సముద్రం మీద చేపలు పట్టి బతికిన పల్లెకారు. వల అడుగున రాయికి చిక్కుకుంటే మునిగి, విప్పి, పైకి తేలేదాకా గాలి పీల్చకుండా ఉండటం చిన్నప్పటి నుంచి అలవాటు. ఎత్తరి కాదు. ఛాతీ మాత్రం పీపాలా ఉండేది. మిగతావాళ్ళు చెడుగుడు చెడుగుడు అని పరుగు మీద అరుస్తారు. అతను నడిచే వెళ్ళేవాడు. గొంతు దించి, తొందర లేకుండా, ఎవరో పక్క గదిలో పిల్లను నిద్రపుచ్చుతున్నట్టు ఆ మాటనే అనుకుంటూ వెళ్ళేవాడు. అవతలివాళ్ళు చుట్టూ చేరి ఎదురుచూసేవాళ్ళు, ఇప్పుడు తెగుతుంది, ఇప్పుడు తెగుతుంది అని. తెగేది కాదు. వాళ్ళు విసిగిపోయి ఒక కాలు కదిపిన క్షణంలో ఇద్దరిని తాకి గీత దాటి వచ్చేసేవాడు. వచ్చాక కూడా రెండడుగుల దాకా కూత ఆపేవాడు కాదు.

చెడుగుడులో ఒక సంగతి ఉంది. మనవాడు వెళ్ళి అవతల ఒకణ్ణి తాకి వస్తే వాడు చచ్చినట్టు లెక్క, బయట కూర్చోవాలి. దానికి బదులు మనలో చచ్చి కూర్చున్నవాడు ఒకడు బతికి మళ్ళీ బరిలోకి వస్తాడు. ఒక జట్టులో అందరూ చచ్చేదాకా ఆట. అందువల్ల మా జట్టుకు ఒక పాడు అలవాటు పట్టుకుంది. ఆరు రోజులు పార పట్టిన మనుషులు. నడుములు పడిపోయి ఉండేవి. ఆట మొదలైన కాసేపటికే ఒక్కొక్కడూ కావాలని దొరికిపోయి, బయట ఎండు చెరకాకు మీద నడుం వాల్చేవాళ్ళు. ఎలాగూ అతను వెళ్తాడు, బతికిస్తాడు. పిలిచినప్పుడు లేవవచ్చు.

"నన్ను ముందు చంపించండయ్యా, కాళ్ళు లాగేస్తున్నాయి" అనేవాడు నేతగాడు.

"నిన్న కూడా నువ్వే ముందు చచ్చావు గదా" అని ఇంకొకడు.

"నిన్న చచ్చింది పొలంలోనయ్యా. అది లెక్కలోకి రాదు."

బతికించినా లేవని రోజులు కూడా ఉన్నాయి. "ఇంకొకణ్ణి బతికించుకో అన్నా, నాకు బాగానే ఉంది ఇక్కడ" అని కళ్ళు తెరవకుండానే చెప్పేవాళ్ళు. అతను నవ్వి మళ్ళీ గీత దాటేవాడు. రెండేళ్ళు అలా గెలిచాం. ఆ రెండేళ్ళలో మాలో ఇంకొకడు కూత నేర్చుకోలేదు. నేర్చుకోమని నేను చెప్పనూ లేదు.

పొలంలోనూ నా సంగతి అంతే. వానాకాలంలో చెరకు వరసల మధ్య కలుపు తీసి గట్టు సర్దే పని. మా మీది మేస్త్రీ, సర్దారు, పొద్దున్నే గొలుసుతో కొలిచి ఒక్కొక్కరికీ వరసలు చూపించేవాడు. దాన్ని టాస్కు అనేవాళ్ళం. టాస్కు ముగిస్తే ఆ రోజు నీది. ముగించకపోతే కోర్టు. పల్లెకారు తన టాస్కు మధ్యాహ్నం దాటగానే ముగించేవాడు. ముగించి, నా వరసకు అవతలి చివర నుంచి పార వేసుకుంటూ వచ్చేవాడు. ఇద్దరం మధ్యలో ఎక్కడో కలుసుకునేవాళ్ళం. కలుసుకున్నచోట పార దులిపి భుజాన వేసుకుని వెళ్ళిపోయేవాడు. ఆ మధ్య అన్నది ఎప్పుడూ నా వైపుకే దగ్గరగా ఉండేది.

నేను ఎప్పుడూ ఒక మాట అనలేదు. మా ఇంట్లో పని చేసినవాళ్ళకు మాటలు చెప్పే ఆనవాయితీ లేదు. ఏదో ఒకటి పెట్టేవాళ్ళం. ఇక్కడ పెట్టడానికి నా దగ్గర ఏముంది? అందుకని ఆదివారం నాడు అందరి ముందూ అతని వైపు చూసి "నువ్వెళ్ళు" అనేవాణ్ణి. మా తాతగారు పెట్టిన పంచెలాంటిదే అది కూడా అనుకున్నాను. అతనికి ఎంత బరువో ఆలోచించలేదు.

గిర్మిట్ నాలుగో ఏడు, మాఘమాసం. అక్కడ అవి వానల రోజులు. రోజూ మధ్యాహ్నం వాన కొండల మీద నుంచి దిగి వచ్చేది, నేలంతా బంకగా ఉండేది. ఆ నెల బహుళ దశమి మా నాన్నగారి తిథి. పోయేముందు ఆయన నా దగ్గర తీసుకున్న మాట ఒక్కటే. "ఊళ్ళు పోయాయి, పోనీ. నాకు ఏడాదికొక పూట నీళ్ళు వదలడం మానకు." నేను ఒక్కడే కొడుకును. అప్పటికి మూడేళ్ళు మానాను. మొదటిసారి ఆ తిథికి ఓడలో ఉన్నాను. తరువాత రెండేళ్ళూ ఆ పూట పొలంలో ఉన్నాను. తద్దినం మధ్యాహ్నపు పని. తలస్నానం చేసి, వండి, ఏటి ఒడ్డుకు చేరాలి. పొద్దుగుంకేదాకా వరసలో ఉండేవాడికి అది ఎక్కడ కుదురుతుంది?

ఆ ఏడు పున్నమి నుంచి లెక్క పెట్టుకుంటే దశమి సోమవారం పడింది. సరిగ్గా దాని ముందు ఆదివారానికి లోవు వాళ్ళతో పెద్ద ఆట కుదిరింది. కులంబరుకు, అంటే మా తోటల మీది తెల్ల అధికారికి, అవతలి కులంబరుకు మాటా మాటా పెరిగింది. గెలిచిన లైన్లకు సోమవారం సెలవు అన్నారు. ఆ మాట సర్దారు వచ్చి చెప్పినప్పుడు లైన్లన్నీ ఒక్కసారి ఊపిరి పీల్చుకున్నాయి. ఒక రోజంతా పడుకోవచ్చు. నేను గదిలోకి వెళ్ళి పెట్టె తెరిచాను. లౌతోకా వెళ్ళిన మనిషి చేత నెల ముందే తెప్పించి మూట కట్టి దాచుకున్న నల్ల నువ్వులు అందులో ఉన్నాయి. వాటిని చూసి మళ్ళీ మూట కట్టాను. ఎవరికీ చెప్పలేదు. చెబితే అడిగినట్టు అవుతుంది.

చిక్కల్లా ఒక్కటే. పల్లెకారుకు అప్పటికి నెల రోజులుగా దగ్గు. వానల్లో జ్వరం వచ్చి ఆసుపత్రిలో రెండు వారాలు ఉన్నాడు. జ్వరం తగ్గింది, దగ్గు ఉండిపోయింది. ఛాతీ అలాగే ఉన్నా మెడ సన్నబడింది. టాస్కు ముగించేసరికి పొద్దు వాలుతోంది. నా వరస చివరకు రావడం మాత్రం మానలేదు. మానమని నేనూ అనలేదు. తొందరగా అలిసిపోతున్నాడని కనిపిస్తూనే ఉంది. కలుసుకునే చోటు రోజురోజుకూ అతని వైపుకు జరుగుతోంది.

శనివారం పొద్దు వాలాక అతని గదికి వెళ్ళాను. అతని పెళ్ళాం తలుపు దగ్గర బియ్యం ఏరుతోంది. ఆవిడా ఆ పల్లె పట్టునుంచి వచ్చినదే, ఓడలో కలిశారు. నన్ను చూసి లేచింది గాని దారి ఇవ్వలేదు.

"రేపటి ఆటకే గదా బాబూ ఒచ్చినారు?"

"అవును. ఒక్క ఆట."

"ఏడుగురున్నారు గదా మీరు. ఆ ఆరుగురూ దేనికి బాబూ? బూడిద్తో గీత గీయడానికా?"

నాకు ఆడవాళ్ళతో తలుపు దగ్గర వాదించే అలవాటు లేదు. ఆవిడ ఊరుకోలేదు.

"రాత్రంతా కూకునే ఉంటాడు. పడుకుంటే దగ్గొత్తాది. ఈయన గుండెలో గాలి ఈయనకే సాల్డం లేదు. మీకు సెలవు కావాలంటే మీరెల్లి కూయండి."

లోపల నుంచి అతని గొంతు వచ్చింది. "ఊరుకోయే. దొరబాబు అలా నిలబడిపోనారు. ఆ డబ్బా ఇటు జరుపు." కిరసనాయిలు డబ్బాలు వచ్చే చెక్కపెట్టె ఒకటి వాళ్ళ గదిలో బోర్లించి ఉండేది. "కూకోండి బాబూ."

"పర్లేదు" అన్నాను. నిలబడే అడిగాను, "రాగలవా?"

"ఒత్తాను. మనోల్లందరూ సోమారం పడుకుందారని సూత్తన్నారు."

నిజం చెప్పడానికి అంతకన్నా మంచి సమయం లేదు. నాన్నగారి సంగతి చెబుదామని నోటిదాకా వచ్చింది కూడా. కాని ఆ పల్లెకారు ముందు, ఆ ఆడమనిషి చేతిలోని చాట ముందు, నాకు ఫలానా అవసరం ఉంది, నాకోసం ఆడు అనడం నా వల్ల కాలేదు. అందరికోసం అంటే ఆజ్ఞలా ఉంటుంది. నాకోసం అంటే యాచన అవుతుంది. "సరే" అని వచ్చేశాను.

ఆదివారం వాన ఆగింది. నేల ఆరలేదు. బూడిద గీత తడిసి నల్లబడింది. లోవు వాళ్ళు ముందే వచ్చి తొడలు చరుచుకుంటున్నారు. కులంబర్లిద్దరూ రైలు పట్టా మీద గొడుగులు వేసుకుని నిలబడ్డారు. ఏటి అవతలి ఊరి ఫిజీ పెద్దలు కొందరు కూడా వచ్చి గట్టు మీద కూర్చున్నారు.

అలవాటు ఎంత చెడ్డదో ఆ రోజు చూశాను. సోమవారం సెలవు పోతుందని తెలిసి కూడా మావాళ్ళు మొదటి కాసేపట్లోనే నలుగురు దొరికిపోయారు. కావాలని కాదనుకుంటాను. రెండేళ్ళు దొరికిపోవడం అలవాటైన కాళ్ళకు తప్పించుకోవడం మరుపు వచ్చింది. నేతగాడైతే గట్టిగానే పెనుగులాడాడు. పాపం, ఎలా పెనుగులాడాలో అతనికి తెలియలేదు. వెళ్ళి ఆకు మీద కూర్చున్నాడు. ఆ రోజు పడుకోలేదు, మోకాళ్ళు పట్టుకుని కూర్చున్నాడు.

పల్లెకారు మొదటిసారి వెళ్ళాడు. నడిచే వెళ్ళాడు. కూత మునుపటిలాగే మొదలైంది గాని అడుగున ఏదో గీసుకుంటున్న చప్పుడు. ఒకణ్ణి తాకి వచ్చాడు. గీత దాటగానే వంగి దగ్గాడు. మాలో ఒకడు బతికి వచ్చాడు, కాసేపటికి వాడూ, వాడితో ఇంకొకడూ చచ్చారు. పల్లెకారు రెండోసారి వెళ్ళి ఉత్త చేతులతో తిరిగి వచ్చాడు. మూడోసారి వెళ్ళేముందు నా వైపు చూశాడు. బరిలో ఇద్దరమే మిగిలాం. నేను, అతను.

"బాబూ, ఈపాలి మీరెల్తారా?"

ఆ మాట చిన్నగా, ఎవరికీ వినపడకుండా అన్నాడు. నాకు అవమానం లేకుండా చూశాడన్నమాట. నేను రైలు పట్టా మీది గొడుగుల వైపు చూశాను. ఆకు మీద కూర్చున్న ఐదుగురి వైపు చూశాను. పెట్టెలో మూట గుర్తుకొచ్చింది.

"నువ్వెళ్ళు" అన్నాను.

వెళ్ళాడు. అవతల ఏడుగురు. మధ్యదాకా వెళ్ళాడు. వాళ్ళు చుట్టూ తిరుగుతున్నారు. కూత సాగుతోంది, సన్నగా, నూలు పోగులా. నేను కూడా తెలియకుండా ఊపిరి బిగబట్టాను. నాది ముందు అయిపోయింది. మళ్ళీ పీల్చుకున్నాను. అతనిది ఇంకా సాగుతూనే ఉంది. అప్పుడు దగ్గు వచ్చింది. కూత తెగింది. లోవు జట్టులో భారీ మనిషి ఒకడు వెనక నుంచి నడుం పట్టేశాడు. పట్టినవాడు పడేయలేదు. దగ్గు ఆగకపోయేసరికి పట్టు అలాగే ఉంచి, కింద పడకుండా నిలబెట్టి, "బైఠో భయ్యా, బైఠో" అని కూర్చోమంటూ మెల్లగా గీత దాకా నడిపించుకొచ్చాడు. పల్లెకారు పెళ్ళాం ఎక్కడ నుంచి వచ్చిందో వచ్చి చెయ్యి పట్టుకుంది. నా వైపు చూడలేదు. చూసి ఉంటే బాగుండేది.

ఇక నేనొక్కణ్ణే. నలభై ఏళ్ళు నిండబోతున్నాయి. మా వంశంలో ఎవరూ చేయని పని చేశాను. పంచె బిగించి గీత దాటాను.

చెడుగుడు అన్న మాట నా నోటి నుంచి బయటికి రావడం అదే మొదలు. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. కోర్టులో ఫిర్యాదు చదువుతున్నట్టు ఉంది. నాలుగడుగులు. ఆరు. ఎవరినీ తాకలేదు. మామూలుగా అయితే కాళ్ళు పట్టి లాగుతారు, మీద పడతారు, బురదలో దొర్లిస్తారు. నన్ను ఎవరూ పట్టుకోలేదు. నా ఊపిరి అయిపోయేదాకా చుట్టూ నిలబడి ఆగారు. అయిపోయాక వాళ్ళలో ఒకడు వచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు. అంతే. పెద్దమనిషిని పలకరించినట్టు.

ఆ చెయ్యి బరువు ఈనాటికీ ఉంది.

సోమవారం తెల్లవారకముందే గంట కొట్టారు. అందరం పారలు తీసుకున్నాం. పల్లెకారు కూడా వచ్చాడు. డాక్టరు చీటీ లేనివాడికి ఆరోగ్యం ఉన్నట్టే లెక్క. సర్దారు గొలుసు లాగి వరసలు చూపించి గుర్రం మీద అవతలి తోటకు వెళ్ళాడు. ఆ గుర్రం కనుమరుగయ్యాక నేతగాడు పార నేలకు పాతి అతని వరస ముందు నిలబడ్డాడు.

"రండయ్యా అందరూ. తలా ఒక ముక్క. అన్న అక్కడ కూర్చుంటాడు."

"ఒద్దు తమ్ముడూ, నాను సేసుకుంటాను" అని పల్లెకారు పార ఎత్తబోయాడు.

"కూర్చో అన్నా. రెండేళ్ళు చచ్చి పడుకున్నాం గదా, కాస్త బతకనీ మమ్మల్ని. సర్దారొస్తే లేచి నిలబడు, చాలు."

ఆరుగురం ఆ వరసలోకి దిగాం. నేనూ దిగాను. నేతగాడు నా ముక్కను అందరికన్నా కొంచెం పొట్టిగా కొలిచాడు. నేను చూసి కూడా ఊరుకున్నాను. కలుపు తీయడం, గట్టుకు మన్ను ఎగదోయడం. నేను తలెత్తేసరికి అయిపోయింది. అప్పటికి బారెడు పొద్దు మాత్రమే ఎక్కింది. ఒక మనిషి రోజంతా వంగి చేసే పని, ఆరుగురు పంచుకుంటే ఇంతే. చెమట కూడా సరిగ్గా పట్టలేదు. అది చూస్తూ ఆ గట్టు మీద కాసేపు నిలబడిపోయాను. ఎందుకు నిలబడ్డానో అప్పుడు స్పష్టంగా తెలియలేదు. ఏదో చాలా తేలికైన సంగతి ఒకటి నా కళ్ళ ముందు నుంచి వెళ్తున్నట్టు ఉంది, అంతే.

తరువాత ఎవరి వరసకు వాళ్ళు వెళ్ళారు. నేనూ నా వరసకు వెళ్ళాను. మూడు గంటలప్పుడు ఒక్కొక్కరే ముగించి పోతున్నారు. నా వరస సగం కూడా కాలేదు. అలవాటుగా అవతలి చివరకు చూశాను. అక్కడ ఎవరూ లేరు. చెరకాకు గాలికి కదులుతోంది. పల్లెకారు దూరంగా గట్టు మీద నుంచి నన్ను చూసి లేవబోయాడు. చెయ్యెత్తి కూర్చోమన్నాను. నా మీద నాకు కోపంగా ఉన్నప్పుడు నా చెయ్యి చాలా బాగా లేస్తుంది.

మధ్యాహ్నం గడిచిపోయింది. తర్పణం వదిలే వేళ దాటిపోవడం పారతో మన్ను లాగుతూ చూశాను. నేను ముగించేసరికి పొద్దు కొండల వెనక్కి దిగింది. నాలుగో ఏడు కూడా అలా పోయింది.

లైన్లకు తిరిగి వెళ్తూ వాళ్ళ గది ముందు ఆగాను. ఎందుకంటే ఏం చెప్పను? దగ్గు ఎలా ఉందని అడుగుదామనుకున్నాను. ఆవిడ పొయ్యి దగ్గర ఉంది. నా చేతులు చూసింది. రెండు అరచేతులూ చిట్లి ఉన్నాయి. పల్లెకారు వరసలోని ముక్కతో కలిపి ఒక్కణ్ణే అంత పని చేసిన అనుభవం నాకు ఇన్నేళ్ళలో లేదు గదా.

"ఒక మాట అడుగుతాను, సెప్తారా బాబూ?" అంది. గొంతులో మొన్నటి పదును లేదు. "అందరికీ పడుకోడానికి సెలవు కావాలి. మీరు ఆదోరాలు కూడా పడుకోరు. మీకెందుకు బాబూ ఆ సోమారం అంత?"

చెప్పాను. గుమ్మంలో నిలబడి, నాన్నగారి మాట, తిథి, మూడేళ్ళు, నువ్వుల మూట, అన్నీ చెప్పాను. ఎంత క్లుప్తంగా చెప్పాలనుకున్నా పొడుగైంది. పల్లెకారు వింటూ గోడకు ఆనుకుని కూర్చున్నాడు. దగ్గు కూడా ఆపుకున్నాడనుకుంటాను.

"ముందే సెప్పకపోనారా బాబూ" అన్నాడు చివరకు. "మనోల్లందరం కలిసి మీ వరస పొద్దున్నే లాగేసీవోల్లం గదా. ఈయేల నాది లాగినట్టు. మద్దేన్నానికి మీరు ఏటికాడ ఉందురు. సెలవేటికి? ఆటేటికి?"

టాస్కు ముగిస్తే ఆ రోజు నీది. ఇన్నేళ్ళుగా ఆ నియమం కింద బతుకుతున్నాను. ఒక్కసారి కూడా ఆ దారిన ఆలోచించలేదు. కుర్చీలో కూర్చున్నవాడికి సెలవు ఇచ్చే చెయ్యి పైన కనిపిస్తుంది గాని, పక్కన ఉన్న ఆరు జతల చేతులు కనిపించవు.

లైన్లలో గదుల మధ్య గోడలు కప్పు దాకా వెళ్ళవు. అవతలి గది నుంచి నేతగాడి గొంతు వచ్చింది.

"నోరు తెరిచి అడిగితే దొరలకు పన్ను ఊడుద్దాయ్యా?"

"నువ్వు పడుకో తమ్ముడూ" అన్నాడు పల్లెకారు.

"పడుకునేవాణ్ణే, మీరు తద్దినాలు మాట్లాడుతుంటే ఏం నిద్రొస్తది?" ఈసారి వెటకారం లేకుండా అన్నాడు. "నెల ముందు నువ్వులు తెప్పించాడంట. మాకు చెప్పడానికి నోరు రాలేదంట."

ఆవిడ బోర్లించిన చెక్కపెట్టెను కాలితో నా వైపు జరిపింది. నేను కూర్చున్నాను. నడుం వంగడానికి చాలాసేపు పట్టింది. కూర్చున్నాక లేవాలనిపించలేదు. ఆవిడ గిన్నెలో వేన్నీళ్ళు పోసి ముందు పెట్టింది. అందులో చేతులు ముంచాను. భగ్గున మండాయి.

"నా ఊపిరి మీద మీ నాయనగోరి పని ఎట్టేసినారు" అన్నాడు అతను నవ్వుతూ. నవ్వు దగ్గులోకి తిరిగింది.

అతని కూత మళ్ళీ రాలేదు. ఎండలు వచ్చాక దగ్గు తగ్గింది, తిండి తిన్నాడు, పని చేశాడు. నీళ్ళ కింద వల విప్పే ఊపిరి మాత్రం పోయింది. ఆదివారాలు ఆకు మీద కూర్చుని చూసేవాడు. మిగతా ఆరుగురం వంతులవారీగా కూతకు వెళ్ళేవాళ్ళం. వంతు వచ్చినప్పుడు నేనూ వెళ్ళేవాణ్ణి. తరచుగా ఓడిపోయేవాళ్ళం. ఓడిపోవడంలో కూడా అలుపు ఉంటుంది, అది వేరే రకం అలుపు. రాను రాను లోవు వాళ్ళు నన్ను పట్టుకోవడం మొదలుపెట్టారు. ఒకసారి బురదలో బోర్లా పడేశారు. ఆ రోజు నేతగాడు పొట్ట పట్టుకుని నవ్వాడు.

మరుసటి ఏడు మాఘ బహుళ దశమికి ముందు నేను అడిగాను. అడగడానికి ఎనిమిది రోజులు పట్టింది. రోజూ పొద్దున పారలు తీసుకునేటప్పుడు అడుగుదామనుకోవడం, వరసలోకి దిగిపోవడం. చివరకు తెల్లవారితే తిథి అనగా, నేతగాడు వక్క కొరుకుతూ ఉంటే ఎదుట నిలబడి అన్నాను. "రేపు మధ్యాహ్నం నేను ఏటికి వెళ్ళాలి. నా వరస కొంచెం చూస్తారా?"

ఏదో ఒకటి అంటాడని కాచుకున్నాను. అతను వక్క ఉమ్మేసి, "పొద్దున్నే దిగుదాం" అన్నాడు.

ఏటి ఒడ్డున రాళ్ళ పొయ్యి మీద అన్నం వండాను. బ్రాహ్మడు లేడు. మంత్రం నాకు సగమే వచ్చు, ఆ సగమూ సరిగ్గా వచ్చో లేదో. పిండం పెట్టి చేతులు తట్టాను. ఆ దేశంలో కాకులు లేవు. ఆ సంగతి నాకు అంతకుముందే తెలుసు, అయినా తట్టాను. చాలాసేపు ఏమీ రాలేదు. తరువాత రెండు గోరింకలు వచ్చి, ఒకదాన్నొకటి పొడుచుకుంటూ తినేశాయి. నాన్నగారు చూసి ఉంటే ఏమనేవారో తెలియదు. నీళ్ళు వదిలి లేచాను.

తడి పంచెతో నేరుగా పొలానికి వచ్చాను. నా వరస చివరిదాకా అయిపోయింది. కలుపు ఏరి కుప్ప వేసి ఉంది, గట్టు సర్ది ఉంది. ఎవరూ లేరు. అవతలి చివర మన్ను మీద మాత్రం మిగతావాటికన్నా చిన్న చిన్న పార గాట్లు, మధ్య మధ్య ఆగి ఆగి వేసినట్టు. పల్లెకారు కూడా వచ్చాడన్నమాట.

నాకు చేయడానికి ఏమీ మిగలలేదు. అయినా పార తీసుకుని, అప్పటికే సరిగ్గా ఉన్న ఆ గట్టును ఈ చివర నుంచి ఆ గాట్ల దాకా ఒకసారి సర్దుకుంటూ వెళ్ళాను.